సూర్యుడికి బదిలీ

మా ఊరి విజ్ఞాన ప్రదర్శనశాలలో పనిచేస్తున్న సూర్యుడికి పోయిన జూన్‌లో బదిలీ అయింది. పేపర్లో వేశారు గానీ జిల్లా పేజీలో అడుగున, తప్పిపోయిన గేదె ప్రకటన పక్కన వేశారు కాబట్టి మీ కంట పడి ఉండదు. నేను ఆ ప్రదర్శనశాలలో ఇరవై రెండేళ్లుగా గైడుని. పేరు హైమవతి. నాకు కోపం కాస్త ఎక్కువని ఆఫీసులో అంటారు. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఎక్కువో తక్కువో మీరే తేల్చండి.

మా ప్రదర్శనశాల సముద్రం ఒడ్డున, మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ల కిందట మొదలైంది. లోపలికి రాగానే సిమెంటు డైనోసారు ఉంటుంది. దాని తోక మీద కూర్చుని ఫొటో దిగని కుటుంబం ఈ ఊళ్లో లేదు. తర్వాత లావుగానూ సన్నగానూ చూపించే అద్దాలు, ముట్టుకుంటే జుట్టు లేచి నిలబడే ఇత్తడి బంతి, ఈ చివర గుసగుసలాడితే ఆ చివర వినిపించే గొట్టం. అన్నిటికంటే లోపల, ఒకప్పుడు ఐసు దిమ్మలు పేర్చిన పెద్ద గదిలో సౌరకుటుంబం హాలు. మధ్యలో ఏడడుగుల ఫైబర్ సూర్యుడు, పొట్టలో పెద్ద బల్బు. చుట్టూ పట్టాల మీద గ్రహాలు తిరుగుతాయి.

వాటిని తిప్పేది పైడయ్య. లారీ బేరింగులు, పిండిమర బెల్టు, పదకొండు సైకిళ్ల చెయిన్లు కలిపి ఆ యంత్రాన్ని తనే తయారుచేశాడు. అందులో ఏ పన్ను అరిగినా చప్పుడు విని చెప్పేస్తాడు. ముప్పై ఏళ్లుగా సెలవు పెట్టలేదు. పెడదామన్నా ఇచ్చేవాళ్లు లేరు, ఎందుకంటే అతను ఉద్యోగి కాదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. ప్రదర్శనశాల పెట్టిన కొత్తలో, వస్తువులు రాసుకోవడానికి స్టాకు రిజిస్టర్లు కావాలని మా మొదటి క్యూరేటర్ గారు ప్రభుత్వ ముద్రణాలయానికి రాశారు. వాళ్లు యాభై సర్వీసు రిజిస్టర్లు పంపారు, ఉద్యోగుల పుట్టిన తేదీలు, పుట్టుమచ్చలు రాసే పుస్తకాలు. తిరిగి పంపితే మళ్లీ రెండేళ్లు పడుతుంది. సర్కారు పంపింది వృథా చేయకూడదని ఆయన వస్తువులన్నిటినీ వాటిలోనే రాసేశారు. సూర్యుడి పుస్తకం నేను చూశాను. స్వస్థలం: తెలియదు. పుట్టుమచ్చలు: ఎడమ చెంప మీద రంగు ఊడిన మచ్చ ఒకటి, నడుము దగ్గర సొట్ట ఒకటి. ప్రవర్తన: తృప్తికరం. ఏటా ఒక ఇంక్రిమెంటు మంజూరు, కింద క్యూరేటర్ సంతకం.

మిగిలిన సిబ్బందంతా పాత శాఖల నుంచి తమ పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చినవాళ్లు. ఇక్కడ చేర్చుకున్నది పైడయ్య ఒక్కణ్ణే. అతని వంతు వచ్చేసరికి ముద్రణాలయం అడగకుండానే ఒక స్టాకు రిజిస్టరు పంపింది. పద్నాలుగో నంబరు కింద, నిచ్చెనకీ నీళ్ల మోటారుకీ మధ్య, ఇలా ఉంటుంది: మెకానిక్, ఒకటి, పనిచేయు స్థితిలో ఉన్నది.

ముప్పై ఏళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. కిందటేడు మా శాఖ కంప్యూటర్లోకి ఎక్కింది. సర్వీసు రిజిస్టర్లో ఉన్నవాళ్లంతా ఉద్యోగులైపోయారు. మా ఆరుగురితో పాటు మరో నలభై ఒక్కరికి ఉద్యోగి నంబర్లు వచ్చాయి. డైనోసారుకి నాకంటే పెద్ద గ్రేడు వచ్చింది.

జూన్‌లో రెండు ఉత్తర్వులు ఒకే కవర్లో దిగాయి. మొదటిది: ఒకే స్థానంలో పాతికేళ్లు దాటిన ఉద్యోగులందరికీ బదిలీలు. జాబితాలో మొదటి పేరు శ్రీ సూర్యుడు, ముప్పై ఏళ్ల సర్వీసు, ఒకే సీటు. రెండోది: స్టాకు రిజిస్టర్లో పాతికేళ్లు దాటిన సామానంతా పనికిరానిదిగా పరిగణించి నెలాఖరులోగా వేలం వేయాలి. అందులో నిచ్చెన, మెకానిక్, మోటారు వరసగా ఉన్నాయి.

నేను రెండు కాగితాలూ పట్టుకుని క్యూరేటర్ త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్లాను.

"సార్, సూర్యుడు బొమ్మ. పైడయ్య మనిషి. ఈ రెండు ముక్కలూ రాసి పంపండి, సరిపోతుంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదు, రిటైర్మెంటుకి పద్నాలుగు నెలల దూరంలో ఉన్న మనిషి. "రాయొచ్చండీ. అప్పుడు ముప్పై ఏళ్లుగా బొమ్మకి ఇంక్రిమెంట్లు ఎలా మంజూరు చేశారని అడుగుతారు. ఆఖరి పది సంతకాలు నావి. పైగా తప్పులు సవరించుకునే గడువు మార్చితో ముగిసింది. ఇప్పుడు సవరణ కావాలంటే ఉద్యోగి స్వయంగా వేలిముద్ర వేసి దరఖాస్తు పెట్టుకోవాలట."

"సూర్యుడా?"

"వేలుంటే పెట్టించేవాణ్ణి" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

బయట మెట్ల మీద పైడయ్య చెయిన్‌కి గ్రీజు రాసుకుంటున్నాడు. సంగతి చెప్పాను.

"నన్ను ఏలం ఏస్తారేటమ్మా?" అన్నాడు. కొంచెంసేపు ఆలోచించి, "మరి ఇయ్యన్నీ ఎవుడు తిప్పుతాడు? ఆ శుక్రుడి బేరింగు నాకు తప్ప ఎవుడికీ లొంగదు" అన్నాడు. తన సంగతి కాదు, శుక్రుడి సంగతి. నాకు ఒళ్లు మండిపోయింది.

బదిలీల కౌన్సెలింగుకి జాయింట్ డైరెక్టర్ గారు స్వయంగా వచ్చారు. ఉద్యోగులు హాజరు కాలేని పక్షంలో అధీకృత ప్రతినిధి మాట్లాడవచ్చని నిబంధన ఉందట. గ్రహాల గురించి రోజూ మాట్లాడేది నేనే కాబట్టి నలభై ఒక్కరికీ నన్నే ప్రతినిధిగా వేశారు. ఒడిలో నలభై ఒక్క టోకెన్లు పెట్టుకుని కూర్చున్నాను.

జాయింట్ డైరెక్టర్ గారు జాబితా మీద వేలు పెట్టి నడిపించారు. "మంజూరైన పోస్టులు తొమ్మిది అని ఉన్నది. నవగ్రహములు అన్నమాట. మరి ఇందులో రాహుకేతువులు కనిపించుట లేదు. ఆ స్థానములలో యురేనస్, నెప్ట్యూన్ అనే ఇద్దరు అన్యులు ఉన్నారు. వీరి నియామకము ఏ ప్రాతిపదికన జరిగినది?"

నేను నోరు తెరిచేలోపు క్యూరేటర్ గారు లేచి నిలబడి, "ఔట్‌సోర్సింగు సార్" అన్నారు.

"అట్లయిన సరి. తొమ్మిదవ పోస్టు ఖాళీగా ఉన్నదేమి?"

"ప్లూటోది సార్. గ్రహంగా అర్హతలు లేవని పైవాళ్లు తేల్చేశాక సర్వీసు నుంచి తొలగించాం. స్టోరు గదిలో ఉంది. ఖాళీ భర్తీ కాలేదు."

"ఖాళీ ఖాళీగానే ఉండనీయండి. అవసరము రావచ్చును."

తర్వాత వరసగా పిలిచారు. భూమి టోకెన్ వచ్చినప్పుడు, చంద్రుడు తన మీదే ఆధారపడి ఉన్నాడని, విడదీయవద్దని విన్నవించాను. మానవతా దృక్పథంతో ఇద్దరినీ ఒకే చోట ఉంచారు. శుక్రుడు అందరికీ వ్యతిరేక దిశలో ఎందుకు తన చుట్టూ తాను తిరుగుతున్నాడో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో ఇచ్చారు. తర్వాత శని వంతు వచ్చింది. శని పక్క పట్టా ఎవరికి కేటాయిస్తారోనని, తమ పేరు జాబితాలో లేనివాళ్లు కూడా కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. చివరికి శనిని ఉన్నచోటే ఉంచారు. ఆయన్ని కదిపే ఫైలు మీద సంతకం పెట్టడానికి జాయింట్ డైరెక్టర్ గారికి ఆ రోజు తిథి కుదరలేదు.

సూర్యుణ్ణి మాత్రం కనికరించలేదు. "ముప్పై ఏండ్లుగా మధ్యలో కూర్చుని అందరినీ తన చుట్టూ తిప్పుకొనుట పరిపాలనకు మంచిది కాదు" అని, ఆయన్ని కొండల మీది ఉపకేంద్రానికి వేశారు. ఒకటే గది, రెండు మైక్రోస్కోపులు ఉన్న కేంద్రం. ఇక్కడ సూర్యుడి పోస్టుకి పూర్తి అదనపు బాధ్యతలు సీనియారిటీ ప్రకారం, బరువు ప్రకారం, గురుడికి ఇచ్చారు.

ఆ సాయంత్రమే సూర్యుడి బల్బు తీసేశారు. రిలీవైన ఉద్యోగి విధులు నిర్వర్తించకూడదు. గురుడి మెడలో 'ఇన్‌చార్జి సూర్యుడు' అన్న అట్ట తగిలించి, నెత్తిన ఒక టార్చిలైటు కట్టారు. మర్నాడు ఒక స్కూలు నుంచి యాభై మంది పిల్లలొచ్చారు. నేను చీకట్లో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను: ప్రస్తుతానికి భూమి గురుడి చుట్టూ తిరుగుతున్నట్టు లెక్క, మళ్లీ ఉత్తర్వులు వచ్చేదాకా. వాళ్ల మాస్టారు అది బోర్డు పరీక్షకి వస్తుందా అని అడిగి నోటు చేసుకున్నారు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. సూర్యుడు తలుపులోంచి పట్టడు. ముందు సూర్యుణ్ణి చేసి, తర్వాత చుట్టూ గోడ కట్టారు. తలుపు వెడల్పు చేద్దామంటే తలుపుకి కూడా ఉద్యోగి నంబరుంది, సాటి ఉద్యోగి రెక్కలు విరగ్గొట్టడం క్రమశిక్షణ ఉల్లంఘన కిందికి వస్తుంది. అందుకని సూర్యుణ్ణి సోమవారం నాడు నాలుగు ముక్కలుగా కోసి లారీలో పంపాలని నిర్ణయించారు. కొయ్యవలసిన వ్యక్తి: స్టాకు నంబరు పద్నాలుగు, మెకానిక్. వేలానికి ముందు ఆఖరి పని.

శుక్రవారం పైడయ్య నా దగ్గరికొచ్చాడు. చేతిలో రంపం ఉంది.

"అమ్మా, నన్ను అమ్ముకోమనండి, పోనీ. దీన్ని మాత్రం నా సేత కోయించొద్దని సెప్పండి. ఒకపాలి కోసేస్తే మరి అతుకు నిలవదు. తిరిగినప్పుడు గడగడా ఊగుతాది."

ఆ రాత్రి బదిలీల ఉత్తర్వు నూట పన్నెండు పేజీలూ ఇంట్లో కూర్చుని చదివాను. మా ఆయన అన్నం తనే వడ్డించుకున్నారు. తొంభై మూడో పేజీలో దొరికింది: గుర్తింపు పొందిన ఉద్యోగుల సంఘం అధ్యక్షుడికి బదిలీ వర్తించదు.

మా సంఘం అధ్యక్షుడు సీనియర్ అసిస్టెంటు గోవర్ధనం. పందొమ్మిదేళ్లుగా ఏకగ్రీవం. పని చేయమని ఎవరైనా అడిగితే సంఘం పని ఉందంటాడు, సంఘం పని అడిగితే ఆఫీసు పని ఉందంటాడు. మర్నాడు పొద్దున్నే ఎన్నిక కోరుతూ ఒక కాగితం, అధ్యక్ష పదవికి సూర్యుడి నామినేషను ఒక కాగితం ఇచ్చాను. ఓటర్ల జాబితా కంప్యూటర్లో ఉన్నదే. మనుషులు ఆరుగురు, ఇతరులు నలభై ఒక్కరు.

"ఏటండీ ఈ అన్నేయం?" అన్నాడు గోవర్ధనం. "ఆడు బొమ్మ."

"అదే మాట రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నాను. "సార్ సంతకాలతో పదేళ్లు ఇంక్రిమెంట్లు తీసుకున్న ఉద్యోగిని మీరు బొమ్మ అన్నారని పైకి పంపుతాను."

క్యూరేటర్ గారు గోవర్ధనాన్ని భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్లారు. వచ్చాక అతను కూడా తన నామినేషను కాగితం తెచ్చి ఇచ్చాడు.

సూపరింటెండెంట్ కామేశం గారు ఎన్నికల అధికారి. ప్రతినిధిగా నలభై ఒక్క ఓట్లూ నేనే వేశాను. సూర్యుడికి నలభై ఒకటి, అందులో నాదొకటి. గోవర్ధనానికి అయిదు. ఒకటి చెల్లలేదు. అది శని ఓటు, దాన్ని విప్పి చదవడానికి కామేశం గారు ఒప్పుకోలేదు. సోమవారం పదింటికి రంపానికి బదులు బల్బు తెచ్చి బిగించాం. మధ్యాహ్నానికి, మినహాయింపు కోల్పోయిన గోవర్ధనాన్ని ఖాళీగా ఉన్న ఉపకేంద్రానికి వేశారు. అతను అక్కడ సూర్యుడి పోస్టులో చేరాడు. చేరిన రోజే వెలుతురు చాలడం లేదని అక్కడివాళ్లు ఫిర్యాదు పెట్టారని తెలిసింది.

సూర్యుడు దక్కాడు గానీ పైడయ్య వేలం సంగతి అలాగే మిగిలింది. నెలాఖరు రోజు పొద్దున పాతసామాన్ల వ్యాపారి వచ్చి వరండాలో సరుకు చూసుకున్నాడు. నిచ్చెనని ఊపాడు, మోటారుని తన్నాడు, తర్వాత మోటారు పక్కన ముక్కాలిపీట మీద ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్న పైడయ్యని చూశాడు.

"ఇది తూకానికా, విడిగానా?"

"విడిగానే అనుకుంటాను" అన్నారు కామేశం గారు, కాగితం చూస్తూ.

"రాగి ఏమన్నా ఉందేటి ఇందులో?"

పైడయ్య చెయ్యి చాపి చూపించాడు. "ఈ కడియం ఒకటే బాబూ."

నేను అక్కడ నిలబడలేకపోయాను. కళ్లు తుడుచుకుంటూ సౌరకుటుంబం హాల్లోకి వెళ్లాను. ఆ రోజే జాయింట్ డైరెక్టర్ గారు బయటి రాష్ట్రం నుంచి వచ్చిన ఇద్దరు పరిశీలకులని వెంటబెట్టుకొస్తున్నారు. దేశంలో ఇంత పెద్ద తిరిగే సౌరకుటుంబం మరెక్కడా లేదని ఆయన వాళ్లకి నెలరోజులుగా చెబుతున్నారట. సూర్యుడు ధగధగా వెలిగిపోతున్నాడు. అధ్యక్షుడయ్యాడు కదా, అధ్యక్షుడు చేయాల్సిన పని ఒకటుంది అనుకున్నాను. సంఘం లెటర్‌హెడ్డు మీద ఒక నోటీసు రాసి తలుపుకి అంటించి, స్విచ్చి తీసేశాను.

పరిశీలకులు లోపలికి రాగానే చీకటి. ఒకాయన శని వలయానికి తట్టుకుని తూలారు.

"హైమవతి గారూ, ఏమిటిది?" చీకట్లోంచి జాయింట్ డైరెక్టర్ గారి గొంతు వచ్చింది.

"సమ్మె సార్. సంఘం అధ్యక్షులవారు విధులు బహిష్కరించారు. కారణం తలుపు మీద ఉంది. ఒక్కటే కోరిక. మెకానిక్ పైడయ్యని ఉద్యోగిగా గుర్తించాలి."

"స్విచ్చి వేయండి."

"సంఘం నిర్ణయం సార్. నేను మామూలు సభ్యురాల్ని."

పరిశీలకుల్లో ఒకాయన హిందీలో ఇంకొకాయన్ని ఏదో అడిగారు. జాయింట్ డైరెక్టర్ గారు గొంతు సవరించుకున్నారు. తడుముకుంటూ ముందుకెళ్లి, సూర్యుడనుకుని నెప్ట్యూన్ ముందు నిలబడ్డారు. "అధ్యక్షులవారూ, మీ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలించబడును."

"పరిశీలించబడితే కుదరదంటున్నారు సార్" అన్నాను.

"స్టాకు వస్తువును ఉద్యోగిగా మార్చుటకు నిబంధనలలో వీలు లేదు. కొత్త పోస్టు మంజూరు చేయు అధికారము నాకు లేదు. ఉన్న ఖాళీలో భర్తీ చేయు అధికారము మాత్రమే ఉన్నది."

చీకట్లో ఓ మూల నుంచి క్యూరేటర్ గారి గొంతు మెల్లగా వినిపించింది. పద్నాలుగు నెలల్లో రిటైరవబోయే మనిషి అంత ధైర్యం చేస్తారని నేననుకోలేదు. "ప్లూటోది ఖాళీగా ఉంది సార్."

అక్కడికక్కడే టార్చిలైటు వెలుగులో ఉత్తర్వు రాశారు. స్టాకు నంబరు పద్నాలుగుని వేలం నుంచి తప్పించి, ప్లూటో పోస్టులో, రెగ్యులర్ ప్రాతిపదికన నియమించడమైనది. హోదా: గ్రహం, చిన్నది. కామేశం గారు పరుగెత్తుకెళ్లేసరికి వ్యాపారి అప్పటికే పైడయ్యని నిచ్చెనతో పాటు రిక్షాలోకి ఎక్కించాడట. దింపమంటే, సరుకు వెనక్కిస్తే ఇంకోటి ఇవ్వాలన్నాడు. స్టోరు గదిలోంచి పాత ప్లూటోని తెచ్చి ఇచ్చాం.

నేను స్విచ్చి వేశాను. గ్రహాలన్నీ కదిలాయి. పరిశీలకులు చప్పట్లు కొట్టారు. జాయింట్ డైరెక్టర్ గారు సూర్యుడి వైపు తిరిగి ఎందుకైనా మంచిదని ఒక నమస్కారం పెట్టారు.

పైడయ్య ఇప్పుడు రోజూ పదింటికి ప్లూటో అని సంతకం పెడతాడు. పండగ సెలవులున్నాయి, ఆసుపత్రి కార్డు ఉంది. బోర్డు మీద ఉన్న విధుల జాబితా మాత్రం పాత ప్లూటోది, ఎవరూ మార్చలేదు: సూర్యుడి చుట్టూ ఒక ప్రదక్షిణం, వ్యవధి రెండు వందల నలభై ఎనిమిదేళ్లు. మొదటి ఇంక్రిమెంటు మొదటి ప్రదక్షిణం పూర్తయ్యాక.

ఇది అన్యాయమని, మళ్లీ సమ్మె నోటీసు రాస్తానని నేను కాగితం తీశాను. పైడయ్య వద్దన్నాడు.

"ముప్పై యేళ్లు ఇయ్యన్నీ తిప్పీసినాను. నానొక్కడినీ తిరగలేనేటమ్మా?"

గోడ పక్కన ప్లూటో పట్టా మీద తన ముక్కాలిపీట వేసుకున్నాడు. పట్టా పొడవు కొలిచి నన్ను లెక్క కట్టమన్నాడు. కట్టి చెప్పాను, నెలకి అర అంగుళం. ప్రతి ఒకటో తారీఖునా పొద్దున్నే వచ్చి, చెయిన్లన్నిటికీ గ్రీజు రాసి, పీటని అర అంగుళం ముందుకి జరిపి, సుద్దముక్కతో నేల మీద గీత గీస్తాడు.

నిన్నటికి మూడు గీతలయ్యాయి.